1992 తర్వాతి పాట ఒక్కటీ లేదు: ఐరన్ మెయిడెన్ సెట్‌లిస్ట్ (కచేరీలో పాడే పాటల వరుస) మీద ఒక ప్రశ్న

రెడింగ్_శ్రోత (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 2025 జూన్ 28న లండన్ స్టేడియంలో బ్రిటిష్ హెవీ మెటల్ బృందం ఐరన్ మెయిడెన్ కచేరీ చూసి వచ్చినప్పటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. బృందం పుట్టి యాభై ఏళ్ళవుతున్న సందర్భంగా చేస్తున్న ఈ పర్యటనలో తమ మొదటి తొమ్మిది ఆల్బముల పాటలే, అంటే 1980 నుంచి 1992 దాకా వచ్చినవే వినిపిస్తామని వారు ముందుగానే ప్రకటించారు. ఆ సంగతి తెలిసే టికెట్ కొన్నాను కాబట్టి మోసపోయానని అనడం లేదు. కచేరీ అద్భుతంగా జరిగింది. అయినా ఇంటికి తిరిగి వస్తూ రైల్లో కూర్చున్నప్పుడు మనసులో ఏదో వెలితి మిగిలింది.

నాకు ఈ బృందం పరిచయమైంది 2000లో వచ్చిన 'బ్రేవ్ న్యూ వరల్డ్' ఆల్బమ్‌తో. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్‌లోని ఒక సీనియర్ ఆ సీడీ ఇచ్చారు. 2007 మార్చిలో వారు మొదటిసారి మన దేశానికి వచ్చినప్పుడు నలుగురం కలిసి కాచిగూడలో రాత్రి రైలెక్కి బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వెళ్ళాము. అంతకు ముందు సంవత్సరమే వచ్చిన ఆల్బమ్ పాటలు మొదలైనప్పుడు చుట్టూ ఉన్నవారిలో కొందరు మౌనంగా నిలబడి పాత పాటల కోసం ఎదురుచూస్తుంటే, మేము నలుగురం మాత్రం ఆ కొత్త పాటలనే గొంతెత్తి పాడాము, ఎందుకంటే అవి మా కళ్ళ ముందు విడుదలైన పాటలు.

2000 నుంచి ఈ బృందం ఆరు ఆల్బములు చేసింది. 'బ్రేవ్ న్యూ వరల్డ్'కే ఇరవై అయిదేళ్ళు నిండాయి. మరి పాత పాటలంటే ఎవరికి పాతవి? యాభై ఏళ్ళ పండుగలో ఆ ఆల్బమ్‌లోని 'బ్లడ్ బ్రదర్స్' ఒక్కటైనా పాడాలని ఆశించడం అత్యాశా? అనుభవమున్న వారు చెప్పగలరు.

విశాఖ_బేస్ (జవాబు)

మీ వెలితి నాకు అర్థమవుతుంది, కానీ ఒక్క కచేరీని విడిగా చూస్తే ఈ బృందం పద్ధతి పూర్తిగా కనబడదు. చాలా ఏళ్ళుగా వారి పర్యటనలు రెండు రకాలుగా సాగుతున్నాయి. కొత్త ఆల్బమ్ వచ్చినప్పుడు దాని పాటలకు పెద్దపీట వేస్తారు. ఆ తర్వాత చరిత్రను తిరగేసే పర్యటన ఒకటి చేస్తారు. 2008 ఫిబ్రవరి 1న ముంబైలో మొదలైనది ఆ రెండో రకం. నేను ఆ కచేరీలో ఉన్నాను, 1980ల పాటలతో నిండిన ఆ రాత్రి నా జీవితంలో మరచిపోలేనిది.

అయితే మొదటి రకంలో వారు చూపిన ధైర్యం ఎంతమందికి గుర్తుందో తెలియదు. 2006లో, అప్పుడే విడుదలైన 'ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్' ఆల్బమ్‌లోని పది పాటలనూ, డెబ్బై నిమిషాలకు పైగా సాగే ఆ సంగీతాన్నంతా, మొదటి నుంచి చివరి వరకు అదే వరుసలో వేదిక మీద వాయించారు. ఆ తర్వాతే అయిదు పాత పాటలు. వారికి బాగా పేరు తెచ్చిన 'ది ట్రూపర్' లేదు, 'రన్ టు ది హిల్స్' లేదు, 'ది నంబర్ ఆఫ్ ది బీస్ట్' కూడా లేదు. అభిమానుల్లో చాలామంది నొచ్చుకున్నారు, కానీ వారు వెనక్కి తగ్గలేదు. 2023లో మొదలైన పర్యటనలోనూ 'రన్ టు ది హిల్స్'ను, 'నంబర్ ఆఫ్ ది బీస్ట్'ను పక్కన పెట్టి, 1986 నాటి 'అలెగ్జాండర్ ది గ్రేట్'ను ముప్పై ఏడేళ్ళలో మొట్టమొదటిసారి వేదిక మీద వినిపించారు. మీ తరం పాటలకు వారు అన్యాయం చేశారని నేను అనుకోను. ఈసారి వంతు వాటిది కాదు, అంతే.

వేదిక_వెలుగు (జవాబు)

నేను హైదరాబాదులో కచేరీలకు లైటింగ్ పని చేస్తాను. ఇంత పెద్ద స్థాయిలో నేనెప్పుడూ పని చేయలేదు గాని, ఒక్క పాట చేర్చితే ఏమవుతుందో చెప్పగలను. ఈ పర్యటనలో బృందం వెనుక ఎప్పుడూ కనిపించే గుడ్డ తెరల స్థానంలో భారీ వీడియో తెర వచ్చింది. ఇటువంటి ప్రదర్శనలో ప్రతి పాటకూ దాని చిత్రాలు, దీపాల క్రమం, మంటలు లేచే క్షణం ముందే అమర్చుకుని, నెలల తరబడి అదే క్రమంలో నడిపిస్తారు. ఒక రాత్రికి ఒక పాట మార్చడమంటే గిటారు వాయించేవారు ఇంకొక పాట అందుకోవడం మాత్రమే కాదు, మా వంటి వారు పదుల సంఖ్యలో చేసే పనంతా మారాలి.

మనిషి శరీరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. గాయకుడు బ్రూస్ డికిన్సన్‌కు మీరు చూసిన రోజుకు అరవై ఆరేళ్ళు, పైగా పదేళ్ళ క్రితం నాలుక దగ్గర క్యాన్సర్‌కు చికిత్స పొంది తిరిగి వచ్చిన గొంతు అది. నలభై రెండేళ్ళు డ్రమ్స్ వాయించిన నికో మెక్‌బ్రెయిన్ 2024 డిసెంబరులో పర్యటనల నుంచి విరమించుకోగా, సైమన్ డాసన్ వచ్చి పదిహేడు పాటలు ఒంటబట్టించుకున్నారు. అందులో 'రైమ్ ఆఫ్ ది ఏన్షెంట్ మారినర్' ఒక్కటే దాదాపు పద్నాలుగు నిమిషాలు. ఏ పాట తర్వాత ఏది వస్తే గొంతుకూ చేతులకూ కాస్త ఊపిరి దొరుకుతుందో చూసుకునే ఆ వరుస కడతారు.

పాటల ఎంపికను అభిమానుల చేతికి ఇస్తే ఏమవుతుందో మెటాలికా బృందం 2014లో చేసి చూపింది. టికెట్ కొన్నవారు ఓటు వేసి పాటలను ఎన్నుకున్నారు. ఎక్కువగా గెలిచినవి 1980లలోనివి, 1991 ఆల్బమ్‌లోనివి. అంటే ఓటింగ్ పెట్టినా మీ 'బ్లడ్ బ్రదర్స్' వంటి పాటకు చోటు దొరకడం కష్టమే. అదే బృందం 2023లో మొదలైన పర్యటనలో చాలా నగరాల్లో రెండేసి రాత్రులు, ఒక్క పాట కూడా తిరిగి రాకుండా వాయించింది. నాకు అది మంచి మార్గంగా తోస్తుంది, కానీ రెండు రాత్రులకూ టికెట్ కొనగలిగిన వారికే ఆ సంతృప్తి పూర్తిగా దక్కుతుంది.

కర్నూలు_పాట (జవాబు)

నేను ఇంకొక వైపు నుంచి మాట్లాడాలి. లండన్‌లో ఉన్నవారికి 'ఈసారి కాకపోతే వచ్చేసారి' అనే మాట చెల్లుతుంది. 2009లో ఐరన్ మెయిడెన్ కచేరీ కోసం బెంగళూరుకు నేను బస్సులో వెళ్ళాను; జీతం వచ్చిన వారమే టికెట్ కొన్నాను; అంతకు ముందు గాని ఆ తర్వాత గాని ఏ విదేశీ బృందాన్నీ నేను చూడలేదు. అలా జీవితంలో ఒక్కసారి వచ్చే శ్రోతకు 'హాలోడ్ బీ దై నేమ్' వంటి పేరున్న పాత పాట వినిపించకుండా పంపడం న్యాయం కాదు. మా ఊళ్ళో పౌరాణిక నాటకం ఆడిస్తే, రాయబారం సీనులో 'జెండాపై కపిరాజు' పద్యం అందుకోగానే జనం 'వన్స్ మోర్' అని కేకలు పెట్టేవారు, నటుడు హార్మోనియం వైపు చూసి మళ్ళీ అందుకునేవాడు. ఆ పద్యం వదిలేసి నాటకం ముగిస్తే జనం కదిలేవారు కారు. ఆ పద్యం కోసమే వచ్చిన వారిని తక్కువ అభిరుచి గలవారని నేను ఎన్నటికీ అనను. 2006లో నొచ్చుకున్న అభిమానులను కూడా అలాగే చూడాలి.

అయినా రెడింగ్ వారి కోరిక తప్పని కూడా నేను అనడం లేదు. వారికి 'బ్లడ్ బ్రదర్స్' మాకు ఆ పద్యం వంటిదే.

రెడింగ్_శ్రోత

మీ అందరికీ కృతజ్ఞతలు. వేదిక_వెలుగు గారు చెప్పినదాన్ని బట్టి, వాయిస్తున్న రోజుల్లో ఒక పాట చేర్చమని అడగడం ఎందుకు సాధ్యం కాదో తెలిసింది. కానీ ప్రకటన రాయకముందు, ఆ హద్దును 1992 దగ్గర గీయకముందు, మా తరం శ్రోతల కోసం ఒక్క స్థానం ఉంచవచ్చునన్న నా అభిప్రాయం మాత్రం మారలేదు. యాభై ఏళ్ళ పేరుతో చేసే పండుగలో చివరి ముప్పై మూడేళ్ళు లేకపోవడం నాకు ఇప్పటికీ లోటుగానే ఉంది.

ప్రశ్నలో ఒక సంగతి చెప్పలేదు, ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది. లండన్‌లో కచేరీ 'మర్డర్స్ ఇన్ ది రూ మోర్గ్'తో మొదలైంది. 1981 నాటి ఆ పాట నాకు సగమే వచ్చు. నా పక్కన డెబ్బైకి దగ్గరపడిన ఒక పెద్దాయన, మొదటి స్వరాలు వినగానే ముందున్న కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్క అక్షరం తప్పకుండా పాట మొత్తం పాడారు. అయిపోయాక నా వైపు తిరిగి, ఈ పాటను మళ్ళీ వింటాననుకోలేదని అన్నారు. బెంగళూరులో మేము నలుగురం కొత్త పాటలు పాడుతున్నప్పుడు మా పక్కన మౌనంగా నిలబడినవారు ఆయనలాగే ఈ పాటల కోసం వేచి ఉన్నవారేమోనని అప్పుడు తోచింది.