మధ్యాహ్నం కొట్టు కట్టేసి పడుకోవడం మంచిదేనా? పర్లాకిమిడి, బరంపురం వాళ్ళు చెప్పండి

పాతపట్నం రోడ్డు:
మాది పర్లాకిమిడిలో బట్టల కొట్టు. నాన్నగారి రోజుల నుంచీ ఒంటిగంటకు షట్టరు దించడం, నాలుగున్నరకు ఎత్తడం, రాత్రి తొమ్మిదిన్నర, పదికి కట్టేయడం. బజారులో చాలామందిది ఇదే పద్ధతి. ఇప్పుడు మా తమ్ముడు కొత్త పాట ఎత్తుకున్నాడు. శ్రీకాకుళంలో పెద్ద షోరూములు మధ్యాహ్నం మూయవట, ఆన్‌లైన్ వాడు అసలే మూయడట, పల్లెల నుంచి వచ్చినవాళ్ళు మన తాళం చూసి వెళ్ళిపోతున్నారట. అంతటితో ఆగితే సరే. "నీ షుగరుకీ, నీ పొట్టకీ ఆ మధ్యాహ్నం నిద్రే కారణం" అంటాడు. నాకేమో కాస్త నడుం వాల్చకపోతే సాయంత్రం బేరం చేసే ఓపిక ఉండదు. వ్యాపారం లెక్కలు మేం తేల్చుకుంటాం. ఆరోగ్యం మాట చెప్పండి: మూయాలా, తెరిచి ఉంచాలా?

గిరిరోడ్ బాబాయ్ (బరంపురం):
ఇందులో అడగడానికేముందయ్యా! పూరీ జగన్నాథుడికే మధ్యాహ్నం పహుడ ఉంది. దేవుడు తలుపులేసుకుని పడుకునే రాష్ట్రంలో ఉంటూ మనం మండుటెండలో కౌంటరు దగ్గర ఈగలు తోలుకుంటూ కూర్చోవాలా? మే నెలలో రెండింటికి మా వీధిలో కుక్క కూడా కనిపించదు. తెరిచి ఉంచితే కరెంటు బిల్లు తప్ప వచ్చేదేముంది? 1998 వడగాడ్పులు మీ తమ్ముడికి గుర్తుండి ఉండవు. ఒడిశాలో ప్రభుత్వం లెక్కలోనే రెండు వేల మందికి పైగా పోయారు. ఇప్పుడు ఎండాకాలం వచ్చిందంటే మిట్టమధ్యాహ్నం కూలీలతో బయట పని చేయించవద్దని ఆర్డర్లు వేస్తున్నారు. మన తాతలు ఏ ఆర్డరూ లేకుండానే ఆ పని చేశారు. పొద్దున చద్దన్నం (పఖాళ అను, నీ ఇష్టం), మధ్యాహ్నం కునుకు. ఈ రెండూ వదిలాకే ఈ రోగాలన్నీ.

గుణుపురం మాస్టారు:
బాబాయ్ గారూ, మే నెల సంగతి ఒప్పుకుంటాను. మరి డిసెంబరులో కూడా అదే ఒంటిగంటకు ఎందుకు మూస్తున్నారు? జనవరిలో మేం మధ్యాహ్నం ఎండ కోసం అరుగు మీద కూర్చుంటాం, అప్పుడూ బజారు మూతే. పెద్దల మాటే కావాలంటే చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం తీయండి. పగటి నిద్ర గ్రీష్మంలో మంచిదన్నాడు, రాత్రులు పొట్టి కాబట్టి. మిగతా ఋతువుల్లో కఫం, పిత్తం పెంచుతుందన్నాడు. ముసలివాళ్ళకు, పిల్లలకు, నీరసించినవాళ్ళకు, దారి నడిచి అలసినవాళ్ళకు మినహాయింపు ఇచ్చాడు. లావుపాటివాళ్ళకు, నెయ్యి రోజూ దండిగా తినేవాళ్ళకు అసలు వద్దన్నాడు. బట్టల కొట్టు షావుకారు ఏ జాబితాలోకి వస్తాడో నేను చెప్పను. అందులోనే ఇంకో మాట ఉంది: కూర్చుని తీసే కునుకుకు ఈ దోషం అంటదని. గల్లాపెట్టె వెనక కుర్చీలో తల వాల్చేవాడికి శాస్త్రం అడ్డు రాదు.

గిరిరోడ్ బాబాయ్:
మాస్టారికి ఎండాకాలమంతా సెలవులు. మాట్లాడతారు మరి.

మందుల షాపు, రాయగడ:
నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాను. అయినా ఈ విషయం మీద కాస్త చదివాను.

గ్రీసులో 23 వేల మందికి పైగా మనుషుల్ని ఆరేళ్ళు దాటి గమనించి 2007లో ఒక అధ్యయనం అచ్చువేశారు. వారానికి కనీసం మూడుసార్లు, సగటున అరగంటకు తగ్గకుండా మధ్యాహ్నం పడుకునేవాళ్ళలో గుండెజబ్బుతో పోయినవాళ్ళు 37 శాతం తక్కువ. ఉద్యోగాలు చేసే మగవాళ్ళలో తేడా ఇంకా ఎక్కువ. బాబాయ్ గారూ, వెంటనే దీన్ని ప్రింటు తీసి షట్టరుకి అంటించకండి. పడుకోవడం వల్ల గుండె బాగుందా, గుండె బాగుండి తీరిక ఉన్నవాళ్ళే పడుకుంటున్నారా అన్నది ఇలాంటి లెక్కల్లో తేలదు. గంట దాటి పడుకునేవాళ్ళలో షుగరు, బీపీ ఎక్కువగా ఉన్నాయని చెప్పే అధ్యయనాలూ ఉన్నాయి. అక్కడా అదే చిక్కు, ఒంట్లో బాగోలేనివాడే ఎక్కువసేపు పడుకుంటాడు కదా.

మధ్యాహ్నం మత్తుకు అన్నాన్ని మాత్రమే తిట్టి లాభం లేదు. భోజనం మానేసినా ఆ వేళకు ఒంట్లో చురుకు కాస్త తగ్గుతుంది, శరీరం తీరే అంత. ఇరవై, పాతిక నిమిషాల కునుకుతో తేటపడతాం. నాసా వాళ్ళు విమానం పైలట్ల మీద చూసినప్పుడు సుమారు 26 నిమిషాల నిద్రకే చురుకుదనం బాగా పెరిగింది. గంటా గంటన్నర పడుకుంటే గాఢనిద్ర మధ్యలో లేవాల్సి రావచ్చు. అందుకే నాలుగింటికి లేచిన షావుకారు టీ పడేదాకా ఎవరితోనూ మాట్లాడడు.

ఇక పొట్ట సంగతి. సుష్టుగా తిని వెంటనే వెల్లకిలా పడుకుంటే పుల్ల త్రేన్పులు, ఛాతీలో మంట. సాయంత్రం కొట్లు తెరిచే వేళకు మా కౌంటరులో గ్యాస్ మాత్రలు అడిగేది ఎక్కువగా తోటి వ్యాపారస్తులే. తిన్నాక పదిహేను నిమిషాలు మెల్లగా నడవండి. షుగరు ఉన్నవాళ్ళు మరీనూ, తిన్న తర్వాత ఎక్కే షుగరు ఆ నడకతో తగ్గుతుంది. ఆ తర్వాత కావాలంటే అలారం పెట్టుకుని పడుకోండి.

కౌంటరు కుర్రాడు:
నేను చదివి పోవడమే తప్ప ఇక్కడ రాయను. ఇది చూసి రాయాలనిపించింది. ఇలాంటి కొట్లోనే పని చేస్తాను, ఊరు చెప్పను.

పొద్దున తొమ్మిదికి రావాలి. ఒంటిగంటకు షావుకారుగారు ఇంటికి వెళ్తారు, ఇల్లు వెనక వీధిలోనే. మా ఊరికి ఆటోలో వెళ్ళి రావాలంటే గంటన్నర, ఛార్జీ నాదే. అందుకని ఉండిపోతాను. వెళ్తూ వెళ్తూ ఆయన మెయిను ఆపేస్తారు, షార్ట్ సర్క్యూట్ భయమట. ఇక ఫ్యాను ఉండదు. చీరలు పరిచే పరుపు మీద పడుకోనివ్వరు, తెల్ల గుడ్డకి చెమట మరకలు అంటుతాయని. వెనక మెట్ల మీద కూర్చుని క్యారేజీ తింటాం. ఆ మెట్ల మీదకి రెండు దాటాక ఎండ వస్తుంది. అప్పుడు లేచి బస్టాండుకు పోయి, బెంచీ దొరికితే ఒరుగుతాం, లేకపోతే ఖైనీ, ఫోను. నాలుగున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా నిలబడటమే. కస్టమరు లేకపోయినా కూర్చోకూడదు, కూర్చుంటే కొట్టు కళ తప్పుతుందట. మాతో చేసే అక్కకి పిక్కల మీద నరాలు ఉబ్బి వంకర్లు తిరిగాయి. సాయంత్రానికి చెప్పులు పట్టవు, పాదాలు అంత వాస్తాయి.

జీతం లెక్కలో ఆ మూడున్నర గంటలు లేవు. నా రోజులో ఉన్నాయి. ఇంటికి చేరేసరికి పదిన్నర. నాకు కునుకు అక్కర్లేదండీ, మూయకుండా నడిపి ఆరింటికి వదిలేస్తే చాలు.

గుణుపురం మాస్టారు:
ఇదీ అసలు విషయం. 1948 ఫ్యాక్టరీల చట్టం రాసినవాళ్ళు దీన్ని అప్పుడే ఊహించారు. పని గంటలకు హద్దు పెట్టి ఊరుకోలేదు, 56వ సెక్షనులో విరామాలతో కలిపి రోజు మొత్తం పదిన్నర గంటలు దాటకూడదన్నారు. లేకపోతే యజమాని మధ్యలో ఎంత పెద్ద విరామమైనా ఇచ్చి, మనిషిని పొద్దుట్నుంచి రాత్రి దాకా గేటు దగ్గరే ఉంచుకోగలడు. కొట్లు ఆ చట్టం కిందికి వచ్చేవి కావనుకోండి. కానీ బాబు చెప్పిన లెక్క పన్నెండున్నర గంటలు. కూర్చోనివ్వకపోవడం మీద అయితే కేరళ 2018లో, తమిళనాడు 2021లో కొట్ల చట్టాలే సవరించాయి, పనివాళ్ళకు కూర్చునే ఏర్పాటు ఉండాలని.

పాతపట్నం రోడ్డు:
మా దగ్గర అలా కాదు. ఫ్యాను ఆపం, చాపలు కొట్లోనే ఉన్నాయి, అందరూ పడుకుంటారు. అందరు షావుకార్లనీ ఒకే గాటన కట్టకండి.

కౌంటరు కుర్రాడు:
సంతోషం అన్నయ్యా. మీ దగ్గర ఖాళీ ఉంటే చెప్పండి.

జయపురం వదిన:
మీరు కొట్లో పనివాళ్ళ దాకా వచ్చారు, ఇంట్లోకి కూడా రండి. మా ఆయనది కిరాణా. ఒంటిగంటంబావుకి వస్తారు, అప్పటికి అన్నం వేడిగా ఉండాలి. తిని పడుకుంటారు. నాకు గిన్నెలు, ఆరేసిన బట్టలు, మూడింటికి బడి నుంచి పిల్లలు, నాలుగింటికి టీ పెట్టి ఆయన్ని లేపడం. రాత్రి పదింటికి వచ్చి స్నానం చేసి పదిన్నరకు కూర్చుంటారు. వంటిల్లు సర్దుకుని నేను పడుకునేసరికి పదకొండున్నర. మళ్ళీ ఐదింటికి పాలవాడు. ఆయనకు రాత్రి ఆరున్నర గంటలు, మధ్యాహ్నం గంటన్నర. నాకు ఐదున్నర, అంతే. మధ్యాహ్నం ఆడది పడుకుంటే ఇంట్లో లక్ష్మి నిలవదని మా అత్తగారి టెన్షన్. మగాడు పడుకుంటే నిలుస్తుంది కాబోలు.

ఇంతకీ రాత్రి పదింటికి కొట్లో ఉండే బేరం ఏమిటి? ఎవరైనా చెప్పండి.

మూడు షిఫ్టుల మనిషి:
రాయగడ దగ్గర ఫ్యాక్టరీలో చేస్తాను. వారం వారం షిఫ్టు మారుతుంది. రాత్రి షిఫ్టు పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సరు విభాగం 2007లోనే 'బహుశా క్యాన్సరు కారకం' అనే వర్గంలో పెట్టింది, కాబట్టి మీ కునుకు చర్చ చూస్తే నాకు నవ్వొస్తుంది. అయినా మాకు సైరను మోగితే గేటు దాటేస్తాం. ఆ కుర్రాడికి అదీ లేదు.

మందుల షాపు, రాయగడ:
వదినగారు అడిగిన దగ్గరే ఉంది కిటుకు. తమ్ముడు మధ్యాహ్నం నిద్రను తిడుతున్నాడు, నేనైతే రాత్రి పదింటి షట్టరును తిడతాను. ఏడున్నరకు తిన్న అన్నమే పదిన్నరకు తింటే షుగరు ఎక్కువ ఎక్కుతుంది, రాత్రయ్యేకొద్దీ ఇన్సులిన్ పని మందగిస్తుంది. తిన్న గంటలోపే పడక. పొద్దున మళ్ళీ త్వరగా లేవాలి. రాత్రి నిద్రలో చేసిన అప్పుకు మధ్యాహ్నం వడ్డీ కడుతున్నారు. ఆ వడ్డీ కూడా షావుకారే కట్టుకోగలుగుతున్నాడు, కుర్రాడికీ వదినకీ ఆ వీలు లేదు. రాత్రి త్వరగా కట్టేస్తే మధ్యాహ్నం మూడున్నర గంటల విరామం ఎవరికీ అవసరం ఉండదు, ఎండాకాలం తప్ప.

గిరిరోడ్ బాబాయ్:
చెప్పడం తేలికే. ఆఫీసుల వాళ్ళు ఇంటికెళ్ళి టీ తాగి ఏడున్నరకు బజారుకు దిగుతారు. మా బేరంలో ముప్పాతిక భాగం దీపాలు పెట్టాకే. ముహూర్తాల రోజుల్లో పదికి కూడా పెళ్ళివారు కూర్చునే ఉంటారు, లేవమనమంటారా? ఎనిమిదికి నేను మూస్తే పక్కవాడు మూస్తాడా?

మూడు షిఫ్టుల మనిషి:
మధ్యాహ్నం మాత్రం అందరూ కలిసే మూస్తున్నారుగా. ఆ ఐకమత్యం రాత్రికి ఏమైంది?

పర్లాకిమిడి చిన్నోడు:
ఆ తమ్ముణ్ణి నేనే. అన్నయ్య ఇక్కడ రాశాడని ఇప్పుడే చూశాను. పొట్ట మాట అన్నాను, వెనక్కి తీసుకోను. నా ప్రతిపాదన మాత్రం అన్నయ్య పూర్తిగా చెప్పలేదు. కొట్టు మూయకుండా మనుషుల్ని రెండు వంతులు చేద్దామన్నాను. కొందరు తొమ్మిది నుంచి ఐదు, కొందరు ఒంటిగంట నుంచి తొమ్మిది. ఒంటిగంట నుంచి ఐదు దాకా అందరూ ఉంటారు. అన్నయ్య ఇంట్లో హాయిగా పడుకోవచ్చు, నేను కూర్చుంటాను.

పాతపట్నం రోడ్డు:
ఉన్నది నలుగురు, నాలుగుని రెండు చేస్తే ఒకడు సెలవు పెట్టిన రోజు కౌంటరులో ఒక్కడే. అది జరగదు. ఇలా చేద్దాం అనుకుంటున్నాను: మార్చి నుంచి జూన్ దాకా ఇప్పటిలాగే మూత. మిగతా నెలల్లో ఒంటిగంట నుంచి రెండున్నర వరకే. రాత్రి ఎనిమిదిన్నరకు కట్టేయడం. పెళ్ళిళ్ళ రోజులు వేరే. పక్కవాళ్ళతో కూడా మాట్లాడతాను, వింటారని నమ్మకం లేదు.

కౌంటరు కుర్రాడు:
అన్నయ్యా, ఎనిమిదిన్నర అంటే షట్టరు దించడమా, మనుషుల్ని వదలడమా? మా దగ్గర షట్టరు దించాక విప్పిన చీరలు మడతపెట్టి బీరువాల్లో సర్దడానికే ముప్పావుగంట పడుతుంది.