గజెల్ అలా ఎగిరేది మంద కోసమా, తన కోసమా?

నల్లమల_గాలి:
ఆఫ్రికాలోని సెరెంగెటి గడ్డిమైదానాల వీడియోల కింద ఎప్పుడు చూసినా ఒకటే మాట, థామ్సన్ గజెల్ అనే చిన్న జింక నాలుగు కాళ్లూ బిగబట్టి గాల్లోకి ఎగురుతుంది కదా, అది మందని కాపాడ్డానికి చేసే త్యాగం అంట. నేను ఒప్పుకోను. అది చెప్పేది వేటాడే జంతువుకే, నిన్ను చూసేశా, నాకు సత్తా ఉంది, నా వెంటపడి లాభం లేదు అని. మంద లేకుండా ఒంటరిగా ఉన్నది కూడా ఎగురుతుంది మరి, అక్కడ ఎవర్ని హెచ్చరిస్తున్నట్టు?

కృష్ణాతీరం:
ఒంటరిది అలవాటు కొద్దీ ఎగరొచ్చు కదండీ. ఎగిరినప్పుడు వెనక తెల్లగా మెరుస్తుంది, దూరంగా మేసేవాటికీ కనబడుతుంది. దక్షిణాఫ్రికాలో ఉండే స్ప్రింగ్‌బాక్ అనే జింక అయితే వీపు మీద మడతలో దాగున్న తెల్ల వెంట్రుకల్ని విసనకర్రలా విప్పుతుంది, ఆ ఏర్పాటంతా దేనికి? పైగా వెనక చావు తరుముతుంటే పైకి ఎగిరితే స్పీడ్ పోతుంది, అంత రిస్క్ తన ఒక్కదాని కోసమే అంటే నమ్మబుద్ధి కావట్లేదు.

నల్లమల_గాలి:
ఆ రిస్కే అసలు పాయింటండీ! నీరసంగా ఉన్నది అలా ఎగరలేదు, అందుకే ఆ సిగ్నల్‌ని నమ్మొచ్చు, జీవశాస్త్రవేత్త అమోత్జ్ జహావీ 1975లో చెప్పిన లాజిక్ ఇదే. 1988లో ఫిట్జ్‌గిబ్బన్, ఫాన్‌షా అనే పరిశోధకులు సెరెంగెటిలో అడవికుక్కల వేట గమనించి రాసింది చూడండి, తక్కువ ఎగిరేవాటినే కుక్కలు ఎంచుకున్నాయి, తప్పించుకున్నవి ఎక్కువసేపు ఎగిరాయి, వానల్లేక మేత తగ్గిపోయే కాలంలో గజెల్స్ ఎగరడమే తగ్గిపోయింది. మంద కోసమే అయితే కడుపు మాడినప్పుడు హెచ్చరిక ఎందుకు తగ్గాలి?

అడవిబాట:
మీరిద్దరూ అన్ని వేటజంతువుల్నీ ఒకే గాటన కడుతున్నారు. చీతా చాటుగా దగ్గరికొచ్చి ఒక్కసారిగా ఉరుకుతుంది, ఎక్కువ దూరం పరిగెత్తలేదు, కాబట్టి దానికి "చూసేశా" అన్న కబురు చాలు. 1986లో టిమ్ కారో అనే పరిశోధకుడు చూపించింది కూడా అదే, గజెల్ ఎగిరినప్పుడు చీతాలు వేట వదిలేయడం ఎక్కువ. అడవికుక్కలు అలా కాదు, కిలోమీటర్ల కొద్దీ తరుముతాయి, వాటికి ఎవరికి దమ్ముందో తెలియాలి. ఇక పిల్లలు ఎగిరితే తల్లి దృష్టి కోసం అయ్యుండొచ్చని కారోనే అన్నాడు. ఎగురుడు ఒకటే, చెప్పే కబురు వేరు.

కృష్ణాతీరం:
వానల్లేని కాలం సంగతి గట్టిదే, గజెల్ వరకు ఒప్పుకుంటా. కానీ స్ప్రింగ్‌బాక్‌లు చుట్టుపక్కల ఏ వేటజంతువూ లేకపోయినా ఎగురుతాయి కదా, దాన్ని ఏ లెక్కలో వేస్తారు? మన రోళ్లపాడు కృష్ణజింకలు కూడా బెదిరితే ఎగురుతూ పోతాయి, అక్కడ చీతాలూ లేవు. సెరెంగెటిలో గజెల్‌ని చూసి రాసిన జవాబుని అన్నిటికీ అంటగట్టొద్దు అనేదే నా వాదన.