‘పరిమాణ శాపం’లో పరిమాణం వద్దంటాను

ప్రశ్న: మెషీన్ లెర్నింగ్ మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ‘కర్స్ ఆఫ్ డైమెన్షనాలిటీ’ని ‘పరిమాణ శాపం’ అంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. డైమెన్షన్‌ను పరిమాణం అనడం ఉంది, కాదనను. కానీ మామూలు పాఠకుడికి పరిమాణమంటే ‘ఎంత పెద్దది, ఎంత ఉంది’ అనే. మీ మాట చూడగానే సమాచారం కుప్పతెప్పలుగా వచ్చి పడడమే ఇబ్బంది కాబోలు అనుకుంటాడు. అసలు సంగతి దానికి తలకిందులు. ఎంత సమాచారం పోగేసినా చాలకపోవడమే ఈ శాపం.

ఒక గీత గీసి పది గళ్లు చేయండి. పది చుక్కలు పెడితే గడికొకటి. అవే పది చుక్కలు పదికి పది చదరంలో పెడితే తొంభై గళ్లు బోసిగా మిగులుతాయి. ఘనంలో గళ్లు వెయ్యి. కొలిచే ఒక్కో లక్షణం ఒక మితి, అంటే డైమెన్షన్. మనిషి ఎత్తు, బరువు, వయసు అంటూ పది లక్షణాలు కొలిచామా, గళ్లు 1000 కోట్లు! లక్షమంది వివరాలు చేతిలో ఉన్నా సగటున లక్ష గళ్లకు ఒక్కరు. ‘ఇలాంటివాళ్లు ఇంకెవరు?’ అని కంప్యూటర్ వెతికితే చుట్టుపక్కల ఎవరూ ఉండరు. మితులు పెరిగేకొద్దీ దగ్గరివాడికీ దూరపువాడికీ తేడా కూడా చెరిగిపోతూ వస్తుంది.

నా ఓటు ‘మితుల శాపం’కి. త్రిమితి అన్నది ఎలాగూ మనకు అలవాటైన మాటే. పైగా మితిమీరిన మితులు అనుకుంటే సగం విషయం తెలిసిపోతుంది.

ప్రశ్న: మితులు పెట్టిన శాపమా, మితులకు తగిలిన శాపమా?

జవాబు: ముని శాపం అంటే ముని పెట్టిందే కదండీ. ఇక్కడా పెట్టేవి మితులు, అనుభవించేది మనం. ఈ పేరు అమెరికా గణితవేత్త రిచర్డ్ బెల్‌మన్‌ది; 1957లో డైనమిక్ ప్రోగ్రామింగ్ (పెద్ద లెక్కను చిన్న లెక్కలుగా విడగొట్టి సాధించే పద్ధతి) మీద వేసిన పుస్తకంలో వాడారు. ఆయన గోడు చేయవలసిన లెక్కలు చేయి దాటిపోవడం గురించి.

విమోచనానికీ మాట కావాలి. ఎత్తు, బరువు లాంటివి చాలావరకు కలిసే పెరుగుతాయి కాబట్టి, అలాంటివాటిని కలిపేసి తక్కువ మితులతో పని జరుపుకుంటారు. దీన్ని ‘మితుల తగ్గింపు’ అంటే నాకు దుకాణం బోర్డు గుర్తొస్తోంది. ప్రస్తుతానికి ‘మితుల కుదింపు’ అని రాసుకుంటున్నాను. ఇంతకన్నా మంచిది తోస్తే చెప్పండి.