దౌత్య రంగంలోకి వెళ్లదలచినవారికి పీజీ ఫెలోషిప్‌లు ఉన్నాయా?

ప్రశ్న (గుంటూరు): మా చెల్లెలు బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. విదేశాంగ సేవలో చేరాలన్నది ఆమె గట్టి సంకల్పం. అమెరికాలోని ర్యాంగెల్, పికరింగ్ ఫెలోషిప్‌లు పీజీ ఖర్చులు భరించి, తరువాత దౌత్య ఉద్యోగంలోకి తీసుకుంటాయని చదివాను. వాటికి మనవాళ్లు దరఖాస్తు చేయవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (విజయవాడ): లేదండీ. అవి అమెరికా పౌరులకే పరిమితం. చదువు ముగిశాక కనీసం 5 ఏళ్లు ఆ దేశ విదేశాంగ సేవలో పనిచేయాలన్న షరతు కూడా ఉంది. మన ఐఎఫ్‌ఎస్‌ (భారత విదేశాంగ సేవ)లో నేరుగా చేరాలంటే యూపీఎస్సీ సివిల్ సర్వీసెస్ పరీక్ష రాయాలి. దానికి డిగ్రీ చాలు కనుక, పీజీ తప్పనిసరి అనుకుని ఇంట్లోవాళ్లు అప్పు చేయవద్దని నా మనవి.

మరో జవాబు (గుంటూరు): పై మాట నిజమే గానీ, పీజీ వృథా కాదు. ఢిల్లీ జేఎన్‌యూలో అంతర్జాతీయ సంబంధాల ఎంఏకు సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా ప్రవేశం దొరుకుతుంది. అక్కడ చదివేది సివిల్స్‌లో రాజనీతి శాస్త్రం ఐచ్ఛికంగా తీసుకుంటే రెండో పేపరుకు నేరుగా పనికొస్తుంది. బ్రిటన్ ప్రభుత్వపు చీవ్నింగ్ స్కాలర్‌షిప్ ఏడాది మాస్టర్స్ ఖర్చంతా భరిస్తుంది, కానీ రెండేళ్ల ఉద్యోగానుభవం కావాలి, చదువు తరువాత స్వదేశంలో రెండేళ్లు ఉండాలి. అందుచేత మీ చెల్లెలుగారు ఇప్పుడే దానికి అర్హులు కారు. ముందు జేఎన్‌యూకు ప్రయత్నించమనండి.