ఆటోనగర్‌లో ఉన్న పాత కారు బాడీ: ఏ కంపెనీది, ఏ ఏడాదిది అని ఎలా తేల్చాలి?

గుంటూరు_షెడ్డు:
విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాను యార్డులో ఒక కారు బాడీ అమ్మకానికి ఉంది. ఇంజను, గేర్‌బాక్సు, సీట్లు, అద్దాలు ఏవీ లేవు. ముందు గ్రిల్లు లేదు, బ్యాడ్జీలు లేవు, బ్యాడ్జీల బెజ్జాలు కూడా లప్పం పెట్టి పూడ్చేశారు. నంబరు ప్లేటు లేదు, ఆర్‌సీ లేదు. నాలుగు తలుపులు, అన్నిటికీ బందులు ముందువైపే. వెనక ఇరుసు, కమాన్ కట్టలు (పట్టీల స్ప్రింగులు) ఉన్నాయి. ముందు హబ్బులు ఉన్నాయి, చక్రాలు లేవు. యార్డాయన "మార్క్ 2 అంబాసిడర్, కళ్ళు మూసుకుని తీసుకోండి" అంటున్నాడు. పక్క షెడ్డు మేస్త్రి ఇది పాత ఫియట్ అంటున్నాడు. డిక్కీ వైపు గుండ్రంగా ఉండటంతో నాకు రెండూ కాదనిపిస్తోంది. అడ్వాన్సు ఇచ్చే ముందు ఏమేం చూడాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

రేకు_పని:
ముందు టేపు తీయండి, మాటలు తర్వాత. ముందు హబ్బు మధ్య నుంచి వెనక హబ్బు మధ్యకు దూరం కొలవాలి. గాలిలో టేపు పట్టుకుంటే వంగి తప్పు చూపిస్తుంది. రెండు హబ్బుల నుంచీ తూకపు గుండు వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తు పెట్టి, గుర్తుల మధ్య కొలవండి. ముందు హబ్బుల దిశ నేరుగా ఉండాలి. ఎడమ, కుడి రెండు వైపులా కొలవండి. రెండిటికీ తేడా 10 మి.మీ. దాటితే బాడీ ఎప్పుడో గట్టి దెబ్బ తిన్నదని అనుమానించాలి.

అంబాసిడర్, దానికి ముందొచ్చిన ల్యాండ్‌మాస్టర్ రెండూ 97 అంగుళాలు, అంటే 2464 మి.మీ. ఫియట్ 1100, తర్వాత అదే బాడీతో వచ్చిన పద్మిని 2340. స్టాండర్డ్ హెరాల్డ్ 91.5 అంగుళాలు, 2324. బేబీ హిందుస్థాన్, అదే మోరిస్ మైనర్, 86 అంగుళాలు. స్టాండర్డ్ టెన్ 84. ఫియట్‌కీ అంబాసిడర్‌కీ అయిదు అంగుళాల దాకా తేడా ఉంది కాబట్టి మేస్త్రి గారి మాట, యార్డాయన మాటల్లో ఒకటి అక్కడికక్కడే తేలిపోతుంది. ఫియట్‌కీ హెరాల్డ్‌కీ మాత్రం టేపు పనికిరాదు, 16 మి.మీ. తేడాని పాత బుష్షులే మింగేస్తాయి. ఆ రెండిటికీ కింద పడుకుని చూడాల్సిందే: హెరాల్డ్‌కి బాడీ కింద వేరే ఛాసిస్ ఉంటుంది, వెనక కమాన్ అడ్డంగా ఉంటుంది. ఫియట్‌కి ఛాసిస్ ఉండదు, కమాన్లు పొడవునా రెండు వైపులా ఉంటాయి.

తర్వాత ముందు సస్పెన్షన్. ఫియట్‌కి కాయిల్ స్ప్రింగులు. అంబాసిడర్, ల్యాండ్‌మాస్టర్ లాంటి మోరిస్ వంశం బళ్ళకి స్ప్రింగు కనపడదు, కింది ఆర్మ్ నుంచి ఒక ఉక్కు కడ్డీ ఫ్లోరు కిందుగా వెనక్కి పోయి అడ్డ మెంబరులో బిగుస్తుంది. అదే టార్షన్ బార్, మెలితిరిగి స్ప్రింగు పని చేస్తుంది. ఇది కనపడితే ఫియట్ మాట మరిచిపోవచ్చు.

బెజవాడ_పాతబండి:
పైన చెప్పింది సరైన వరస. నేను ఇంకొకటి కలుపుతాను. ఇలాంటి బాడీల్లో బోల్టుతో బిగించినవి ఏవీ సాక్ష్యం కావు, వెల్డు అయినవే సాక్ష్యం. గ్రిల్లు, బానెట్, బంపరు, లైట్లు, డ్యాష్‌బోర్డు, చివరికి తలుపులు కూడా అర్ధరోజులో మారిపోతాయి. 1962 నాటి బండికి 1979 ముఖం పెట్టుకుని తిరిగినవి మన రోడ్ల మీద కొల్లలు. గ్రిల్లు చూసి ఏడాది చెప్పేవాళ్ళ మాట మీద డబ్బు పెట్టొద్దు.

అయినా ముఖాలు తెలిసుండాలి, యార్డులో మాట్లాడటానికి పనికొస్తాయి. అంబాసిడర్ 1958లో వచ్చింది, అప్పుడు మార్క్ అనే మాటే లేదు. 1962లో సన్న గళ్ళ గ్రిల్లుతో మార్క్ 2. 1975లో గళ్ళు వెడల్పయ్యి మార్క్ 3. 1979లో గ్రిల్లు చిన్నదై మార్క్ 4. 1990లో నోవా. ఆ తర్వాత ఇసుజు 1800 ఇంజను బండికి గేరు రాడ్డు స్టీరింగు దగ్గర నుంచి ఫ్లోరు మీదకి దిగింది. కాబట్టి సొరంగం (ఫ్లోరు మధ్యలో ఎత్తుగా ఉండే రేకు) మీద గేరు రాడ్డు కోసం కోసి ఉంటే, అది 90ల నుంచి వచ్చిన బండి అయినా కావాలి, తర్వాత ఎవరో మార్చినదైనా కావాలి. కోత అంచు చూడండి: ఫ్యాక్టరీ అంచు మడత పెట్టి నున్నగా ఉంటుంది, షెడ్డులో కోసింది గ్యాస్ మరకలతో ఉంటుంది.

మీ కేసులో అసలు విషయం వెనక మడ్‌గార్డులు. అవి బాడీతో కలిసి వెల్డయి ఉంటాయి, అందుకని నమ్మొచ్చు. అంబాసిడర్‌కి టెయిల్ లైటు పైన మడ్‌గార్డు అంచు చిన్న రెక్కలా లేచి ఉంటుంది. ల్యాండ్‌మాస్టర్‌కి ఆ రెక్క ఉండదు, కిందికి గుండ్రంగా జారిపోతుంది. ల్యాండ్‌మాస్టర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 2 నుంచి, అంబాసిడర్ సిరీస్ 3 నుంచి వచ్చాయి. మీరు గుండ్రం అంటున్నారు కాబట్టి నా చూపు ల్యాండ్‌మాస్టర్ మీదే ఉంది. కానీ లప్పంతో రెక్కని పూడ్చి నున్నగా చేశారేమో చూసుకోండి. పలచటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని అంచు వెంబడి జరపండి. పట్టు వదిలిన చోట లప్పమైనా ఉంటుంది, సీసమైనా ఉంటుంది. మేకుతో గీయండి: తెల్లపొడి రాలితే లప్పం, వెండిలా మెరిస్తే సీసం. ఆ కాలపు బాడీల్లో రేకుల అతుకుల మీద సీసం పూయడం మామూలే, సీసం దొరికితే ఆ అతుకు ఎవరూ కదపలేదనుకోవచ్చు. సీసాన్ని పొడిగా రుద్దకండి, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే విషం.

రేకు_పని:
మరచాను, మరలు కూడా చూడండి. తలుపు బందు దగ్గర పాత బోల్టు ఒకటి విప్పి మర లెక్కపెట్టండి. పానా కొలతతో మోసపోతారు, 13 పానా, అర అంగుళం పానా రెండూ ఒకే తలకి దాదాపు పడతాయి. మర మోసం చేయదు. 8 మి.మీ. మామూలు మెట్రిక్ బోల్టుకి అర అంగుళంలో దాదాపు 10 చుట్లు. 5/16 యూఎన్ఎఫ్ (అంగుళాల లెక్కలో సన్న మర) బోల్టుకి అర అంగుళంలో 12. మొదటిదైతే ఫియట్ వైపు, రెండోదైతే బ్రిటిష్ వైపు. ఒక్క బోల్టుతో తీర్పు ఇవ్వొద్దు, నాలుగు చోట్ల చూడండి.

గుంటూరు_షెడ్డు:
ఈ రోజు మళ్ళీ వెళ్ళి చూశాను. ఎడమ 2462, కుడి 2455. ఫ్లోరు కింద కడ్డీ ఉంది. వెనక రెక్క లేదు, అయస్కాంతం అంతటా పట్టుకుంది, పైకప్పు అతుకు దగ్గర మాత్రం వదిలింది, గీస్తే మెరిసింది. బందు బోల్టులు నాలుగిటికీ అర అంగుళంలో 12 చుట్లు. ఫైర్‌వాల్ (ఇంజను గదికీ లోపలికీ మధ్య రేకు) మీద తయారీ వివరాల ప్లేటు లేదు, రెండు రివెట్ బెజ్జాలు మాత్రం ఉన్నాయి. డ్యాష్ కింద వైపర్ మోటారు మిగిలింది, దాని మీద లూకాస్ అని, కింద 8 56 అని పోటు (గుద్దిన అంకెలు) ఉంది. ఇంక ఏడాది తేలినట్టేనా? ఫైర్‌వాల్ మీద నంబరు పోటు కోసం గ్రైండరు పెట్టమంటారా?

బెజవాడ_పాతబండి:
గ్రైండరు పెట్టకండి, దండం పెడతాను. నంబరు పోటు లోతు చాలా తక్కువ, ఒక్క రౌండుకే చెరిగిపోతుంది. పైగా గ్రైండరు గీతలు ఉన్న నంబరుని ఏ ఇన్స్‌పెక్టరూ ఒప్పుకోడు. పెయింట్ రిమూవర్ పూసి, పదిహేను నిమిషాలు ఆగి, ప్లాస్టిక్ గీకుడు చెక్కతో తీయండి. ఒకసారికి రాకపోతే మళ్ళీ పూయండి. తుప్పు మిగిలితే ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ దూదితో అద్ది, కడిగి, వెంటనే ఆరబెట్టండి. అప్పుడు సుద్ద పొడి రుద్దితే పల్లాల్లో నిలుస్తుంది. చీకట్లో టార్చిని పక్క నుంచి రేకుకి ఆనించినట్టు పట్టి ఫోటో తీస్తే కంటికి కనపడని అంకె కూడా నీడతో తేలుతుంది. పలచటి కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది అచ్చు కూడా తీసి ఉంచుకోండి.

ఇక గుర్తింపు. కొలత, కడ్డీ, మర, వెనక గుండ్రం అన్నీ ఒకే మాట చెబుతున్నాయి: ఇది సిరీస్ 2 ఆక్స్‌ఫర్డ్ బాడీ. అంబాసిడర్ కాదు. అయితే ఇంగ్లండ్ కౌలీలో తయారై దిగుమతైన మోరిస్సా, ఉత్తరపారాలో తయారైన ల్యాండ్‌మాస్టరా అన్నది రేకు చెప్పదు, ప్లేటు చెప్పాలి. ఇక్కడే మీ వైపర్ మోటారు ఉపయోగపడుతుంది. లూకాస్ వాళ్ళు నెల, ఏడాది పోటు వేస్తారు, అంటే అది 1956 ఆగస్టు మోటారు. ఇంగ్లండ్‌లో సిరీస్ 2 అదే ఏడాది అక్టోబరుకి ఆగిపోయింది. ఆగస్టు మోటారు కౌలీ బండిలో చేరాలంటే చివరి వారాల బండి అయి ఉండాలి. ల్యాండ్‌మాస్టర్‌కి అలాంటి ఇబ్బంది లేదు, 1958 దాకా వచ్చింది. కాబట్టి ల్యాండ్‌మాస్టర్ అన్నదే బలంగా నిలుస్తుంది, అది కూడా 1956 చివరి నుంచి 1958 మధ్యది. అసలు మోటారే అయితే సుమా. మోటారు కూడా బోల్టుతో బిగించినదే. బ్రాకెట్ స్క్రూల మీద పెయింటు బాడీ పెయింటుతో కలిసిపోయి ఉందా, స్క్రూ గాడి పాడవకుండా ఉందా చూడండి. అలా ఉంటే మోటారుని నమ్మొచ్చు.

రేపు ఇంజను వెతికేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి. ల్యాండ్‌మాస్టర్‌ది 1476 సీసీ సైడ్ వాల్వ్. మొదటి అంబాసిడర్లకీ అదే పెట్టారు, 1959లో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ వచ్చింది. యార్డాయన ఇదే బండి ఇంజను అని 1489 చూపిస్తే కాదని తెలుసుకోండి.

ఆర్‌సీ_కాగితం:
బాడీ సంగతి తేలింది, కాగితం సంగతి చెబుతాను. రోడ్డెక్కించాలని ఉంటే నంబరు దొరక్కుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్ళు దాటిన, వ్యాపారానికి వాడని బండికి వీఏ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, రెన్యువల్‌కి 5,000. ఛాసిస్, బాడీ షెల్, ఇంజనుల్లో పెద్ద మార్పులు ఉంటే వింటేజ్ కిందికి రాదు. దరఖాస్తుకి పాత ఆర్‌సీ, ఇన్సూరెన్సు అడుగుతారు, దిగుమతి బండి అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ కాగితం). ఈ నంబరుతో రోజూ తిరగడానికి లేదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు, రిపేరు లాంటి పనులకే.

కాబట్టి యార్డాయన్ని బండి ఎవరి దగ్గర నుంచి వచ్చిందో అడగండి. పాత యజమాని ఇంట్లో బీరువాలో ఆర్‌సీ పుస్తకం గానీ, పన్ను టోకెన్ గానీ, పాత ఇన్సూరెన్సు కాగితం గానీ దొరికినా రిజిస్ట్రేషన్ నంబరు తెలుస్తుంది. అది ఉంటే ఆర్టీవో ఆఫీసులో పాత రికార్డు అడగొచ్చు. ఆన్‌లైన్‌లో కనపడలేదని వదిలేయకండి, ఆ కాలపు పుస్తకాలు చాలా వరకు కంప్యూటర్లోకి ఎక్కలేదు. "ఇంకో బండి నంబరు ముక్క కోసి వెల్డు చేసిస్తాం" అనేవాళ్ళు తగులుతారు. అది నేరం, మీ మీదకి వస్తుంది. ప్లేటు ఎవరైనా తెచ్చిస్తే రివెట్లు చూడండి, మధ్యలో బెజ్జం ఉన్న పాప్ రివెట్లతో బిగించి ఉంటే మళ్ళీ పెట్టినదేనని అనుమానించాలి.

రేకు_పని:
7 మి.మీ. తేడా ఆ వయసుకి ఫర్వాలేదు. బేరం ముందు స్క్రూడ్రైవరు తీసుకుని నాలుగు చోట్ల గట్టిగా పొడవండి: తలుపుల కింద సిల్లులు, ఫ్లోరు అంచులు, కమాన్ ముందు కొక్కెం పట్టుకునే చోటు, టార్షన్ బార్ వెనక చివర బిగిసే అడ్డ మెంబరు. మొదటి రెండూ తుప్పు పట్టినా రేకు మార్చుకోవచ్చు. అడ్డ మెంబరు దిగిపోయి ఉంటే ధర సగానికి అడగండి, లేదా వదిలేయండి. దీనికి ఛాసిస్ లేదు, బరువంతా ఆ రేకే మోస్తుంది. సిల్లు కోసే ముందు తలుపు ఖాళీల్లో ఒక అంగుళం చదరపు పైపు అడ్డంగా, ఐమూలగా టాక్ వెల్డు చేయించండి. అది లేకుండా కోస్తే బాడీ మధ్యలో కుంగుతుంది, తర్వాత ఏ తలుపూ మూసుకోదు.