తూర్పున కనిపిస్తున్నది గురుడా, సిరియస్ నక్షత్రమా?

ప్రశ్న:
పొద్దు గుంకగానే పశ్చిమాన అన్నిటికంటే ముందు వెలిగే శుక్రుణ్ణి మా అమ్మాయికి చూపించగలుగుతున్నాను. కాని ఈ శీతాకాలంలో రాత్రి తూర్పున పైకి వచ్చే తెల్లటి పెద్ద చుక్క గురుడో, సిరియస్ నక్షత్రమో తేల్చుకోలేకపోతున్నాను. నక్షత్రాలు మినుకుమంటాయని, గ్రహాలు నిలకడగా వెలుగుతాయని చదివాను గాని, దిగంతం దగ్గర అన్నీ వణుకుతున్నట్టే ఉన్నాయి. టెలిస్కోపు, ఫోను యాప్ లేకుండా నిర్ధారించుకొనే మార్గం ఉన్నదా?

జవాబు 1:
మీరు చదివినది నిజమే. నక్షత్రం మనకు బిందువులా కనిపిస్తుంది కనుక గాలి కదలికలకు దాని కాంతి చెదురుతుంది. గ్రహం అతి చిన్న బిళ్ల వంటిది కావడం వల్ల ఆ చెదురుపాటు సర్దుకుపోతుంది. అయితే దిగంతం దగ్గర కాంతి చాలా మందమైన గాలి పొరను దాటి రావాలి కాబట్టి, చుక్క బాగా పైకి వచ్చేదాకా ఆగి చూడండి. సిరియస్‌కు ఇంకా తేలికైన గుర్తు ఒకటున్నది. ఒరాయన్ (వేటగాడి ఆకారంలో ఊహించుకొనే నక్షత్రాల గుంపు) నడుములో వరుసగా ఉన్న మూడు నక్షత్రాలను కలిపే గీతను ఆగ్నేయం వైపు పొడిగిస్తే సిరియస్, వాయవ్యం వైపు పొడిగిస్తే ఎర్రటి రోహిణి దగ్గరకు చేరుతాము. సూర్యచంద్రులు నడిచే దారికి సిరియస్ చాలా దక్షిణంగా ఉంటుంది. గ్రహాలు ఆ దారిని విడిచి అంత దూరం పోవు.

జవాబు 2:
ఇంట్లో పంచాంగం ఉంటే దానిని తెరవండి. ఫలితాల సంగతి పక్కన పెట్టి, గ్రహస్థానాలు మాత్రమే చూడండి. గురుడు సూర్యుణ్ణి చుట్టి రావడానికి దాదాపు 12 ఏళ్లు పడుతుంది కనుక ఒక్కొక్క రాశిలో సుమారు ఏడాది ఉంటాడు. పుష్కరాల లెక్క దీని మీదే నిలిచింది. గురుడు సింహరాశిలో ప్రవేశించినందుకే 2015లో గోదావరి పుష్కరాలు జరిగాయి. మన పంచాంగాల రాశులు నక్షత్రాలను ఆధారం చేసుకున్నవి కాబట్టి ఆకాశంలో కనిపించే రాశులతో చాలావరకు సరిపోతాయి. మూఢమి అని రాసిన రోజుల్లో గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా ఉండి కంటికి ఆనరు. ఆ రోజుల్లో వెతికి నిరాశ పడనవసరం లేదు.

ప్రశ్న అడిగినవారు:
మూఢమి అంటే పెళ్లిళ్లు ఆగిపోయే రోజులనే ఇన్నాళ్లూ అనుకున్నాను. మిగిలిన మూడు గ్రహాల సంగతి కూడా చెప్పండి.

జవాబు 3:
కుజుడు ఎర్రగా ఉంటాడు గాని రోహిణి, జ్యేష్ఠ కూడా ఎర్రవే, పైగా గ్రహాల దారికి దగ్గరవే. అందువల్ల రంగు ఒక్కటే చూసి నమ్మకండి. పక్కనున్న నక్షత్రాలతో కలిపి చుక్క స్థానాన్ని కాగితం మీద గీసి, రెండు వారాల తరువాత మళ్లీ పోల్చి చూడండి. జరిగితే అది గ్రహమే. శని లేత పసుపు రంగులో ఉండి, ఒక్కొక్క రాశిలో సుమారు రెండున్నర ఏళ్లు ఉంటాడు కాబట్టి ఈ పద్ధతికి ఎక్కువ ఓపిక కావాలి. బుధుడు సూర్యుడికి 28 డిగ్రీల కంటే దూరం జరగడు. చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలనుకుంటే, అది మూడు పిడికిళ్లకు లోపే. సూర్యాస్తమయం తరువాత ముప్పావుగంటకు, చెట్లూ మేడలూ అడ్డులేని పశ్చిమ దిగంతాన వెతకండి.