తాబేలుకు మేతగా పెంచే కుండీ మొక్కలకు ఎరువు వేయవచ్చా?

ప్రశ్న (ప్లేనో, టెక్సస్ నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఒక రష్యన్ తాబేలు పెరుగుతోంది. దాని మేత కోసం మందార, మల్బరీ, ముళ్లు లేని నాగజెముడు కుండీల్లో పెంచుతున్నాము. మందార ఆకులు పసుపుబారుతున్నాయి. మట్టిలో సారం తగ్గిందని అనిపిస్తున్నా, ఎరువు వేస్తే అది ఆకుల ద్వారా తాబేలు కడుపులోకి చేరుతుందేమోనన్న భయంతో ఇంతవరకు నీళ్లు తప్ప ఏమీ పోయలేదు. రసాయనిక ఎరువు వేయవచ్చా, సేంద్రియ ఎరువే వేయాలా? వేసిన తరువాత ఎన్నాళ్లు ఆగి ఆకులు కోయాలి? నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మందార కుండీలో పసుపుపచ్చని చిన్న గుళికలు కూడా కనిపిస్తున్నాయి. వాటి సంగతి తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (బాపట్లలో వ్యవసాయశాస్త్రం చదివాను)

వేర్లు నత్రజనిని ప్రధానంగా నైట్రేట్, అమ్మోనియం రూపాల్లోనే పీల్చుకుంటాయి కనుక, అది యూరియా నుంచి వచ్చినా వర్మికంపోస్టు నుంచి వచ్చినా ఆకుకు చేరేసరికి పెద్ద తేడా ఉండదు. రసాయనిక ఎరువు అన్న పేరు చూసి భయపడనక్కరలేదు; జాగ్రత్త పడవలసింది మోతాదు విషయంలో. నైట్రేట్‌ను మాంసకృత్తులుగా మార్చుకోవడానికి మొక్కకు వెలుతురు కావాలి. చలికాలంలో కిటికీ పక్కన మసక వెలుతురులో ఉన్న మొక్కకు నత్రజని దండిగా పోస్తే నైట్రేట్ ఆకుల్లోనే పేరుకుపోతుంది. అలాంటి మేత తిన్న జంతువు కడుపులోని సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా మారుస్తాయి, దానివల్ల రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గుతుంది. పశువుల్లో ఈ ప్రమాదం బాగా తెలిసినదే.

అందువల్ల మొక్క చురుకుగా ఎదిగే కాలంలో మాత్రమే, డబ్బా మీద రాసిన మోతాదులో నాలుగో వంతు ద్రవ ఎరువును నీటిలో కలిపి, ఆకుల మీద పడకుండా మట్టిలోనే పోయండి. నెలకు ఒకసారి చాలు. ఆ తరువాత రెండు వారాలు ఆగి, ఎండ కాసిన రోజు మధ్యాహ్నం దాటాక ఆకులు కోయడం మంచిది. ఆ వేళకు నైట్రేట్ కొంత ఖర్చయి ఉంటుంది. తోటకూర పెంచుతుంటే ఇంకా జాగ్రత్త అవసరం, అది నైట్రేట్‌ను సులభంగా కూడబెట్టుకుంటుంది.

జవాబు 2 (ఇంగ్లాండ్ నుంచి, తాబేళ్లు పెంచుతున్నాను)

పై సలహాతో ఏకీభవిస్తాను, కానీ నాకు ఎరువుకన్నా దాని వెంట వచ్చేవాటి గురించే ఎక్కువ ఆందోళన. మీరు చూసిన గుళికలు బహుశా నెమ్మదిగా కరిగే ఎరువు. రంగురంగుల చిన్న వస్తువు కంటపడితే తాబేలు కొరికి చూస్తుంది కాబట్టి, ఆ కుండీని దాని ఆవరణలో ఎంతమాత్రం పెట్టకండి.

అంతకన్నా ముఖ్యమైనది ఇమిడాక్లోప్రిడ్ వంటి అంతర్వాహిక పురుగుమందు, అంటే మొక్క పీల్చుకుని తన లోపలంతా వ్యాపింపజేసుకునే మందు. మందార, గులాబీ మొక్కలకు నర్సరీల్లో ఇటువంటివి వాడే అవకాశం ఎక్కువ. గులాబీల పేరుతో అమ్మే కొన్ని ఎరువుల్లోనే పురుగుమందు కలిసి ఉంటుంది. అది ఆకు లోపలే ఉంటుంది కనుక ఎంత కడిగినా పోదు, మందార వంటి చెట్టుజాతి మొక్కల్లో ఏడాదికి పైగా కూడా నిలవగలదు. ఆ మొక్క వేర్లకున్న మట్టిని కడిగేసి, శుభ్రమైన మట్టిలో నాటి, ఒక ఏడాది మేతకు వాడకండి. నర్సరీవారిని అడిగి, వారు ఏ మందు వాడారో తెలుసుకోగలిగితే మరీ మంచిది.

సేంద్రియమైనదంతా క్షేమమని కూడా అనుకోవద్దు. మన ఊళ్లలో ఆముదం పిండిని ఎరువుగా వేయడం మామూలే, అమెరికాలోనూ అది దొరుకుతుంది. సరిగా శుద్ధి చేయని పిండిలో రైసిన్ అనే తీవ్రమైన విషం మిగిలి ఉంటుంది. తాబేలు తిరిగే చోట దానిని అసలు వాడకూడదు. మాగని పశువుల ఎరువు, కోళ్ల ఎరువు కూడా సాల్మొనెల్లా వంటి క్రిముల వల్ల వద్దు. బాగా మాగిన వర్మికంపోస్టు వేసి, పైన కాస్త మట్టి కప్పితే సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పసుపుబారుతున్నవి లేత ఆకులే; ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. దీనికి కూడా నత్రజనే వేయాలా?

జవాబు 1

అయితే నత్రజని తొందర వద్దు. నత్రజని లోపమైతే ముందు ముదురు ఆకులు మొత్తంగా పసుపెక్కుతాయి. మీరు చెప్పినది ఇనుము లోపంలా ఉంది. మట్టిలో ఇనుము ఉన్నా, క్షారగుణం ఉన్న నీరు పోస్తుంటే వేర్లు దానిని తీసుకోలేవు. కొన్ని వారాలు వాననీరు పట్టి పోసి, కొత్త చిగుళ్ల రంగు చూసి, ఆ తరువాతే ఎరువు సంగతి నిర్ణయించండి.